పని షరతులు, మనసు ఆరోగ్యం: నంద్యాల, ఆళ్లగడ్డ వృత్తులు చెప్పే సంగతులు

పని ఎక్కువైతే మనసు అలసిపోతుందన్నది లోకంలో బలంగా నాటుకున్న అభిప్రాయం. ఇందులో కొంత నిజం లేకపోలేదు గానీ, అసలు కారణం పని మోతాదులో కంటే, ఆ పని మీద పనివారికి ఎంత పట్టు ఉందన్న దానిలోనే ఎక్కువగా ఉందని గత అర్ధశతాబ్దపు పరిశోధన చూపుతోంది. 1979లో రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు అమెరికా, స్వీడన్ దేశాల ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి, ఏ పనిలోనైనా రెండు కొలతలను విడివిడిగా చూడాలని ప్రతిపాదించాడు. మొదటిది పని తాకిడి, అంటే ఎంత వేగంగా, ఎంత గడువులో, ఒకదానికొకటి పొసగని ఎన్ని ఆజ్ఞల నడుమ పని చేయవలసి వస్తుందన్నది. రెండవది నిర్ణయ స్వేచ్ఛ, అంటే పనిని ఏ పద్ధతిలో, ఏ వరుసలో చేయాలో తేల్చుకునే అధికారం, నేర్చిన నైపుణ్యాన్ని వాడే అవకాశం పనివారికి ఎంత ఉన్నాయన్నది. తాకిడితో పాటు స్వేచ్ఛ కూడా ఉన్న పనిలో మనిషి కష్టపడుతూనే ఎదుగుతాడని, తాకిడి పెరిగి స్వేచ్ఛ తగ్గిన పనిలో నిద్రలేమి, దిగులు, ఆందోళన పేరుకుపోతాయని ఈ సిద్ధాంత సారాంశం. లండన్‌లోని ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన రెండవ వైట్‌హాల్ అధ్యయనంలో మైకేల్ మార్మట్ బృందం కూడా, కింది మెట్టు ఉద్యోగుల్లో గుండెజబ్బులు ఎక్కువగా ఉండటానికి పని మీద పట్టు లేకపోవడం ఒక ముఖ్య కారణమని గుర్తించింది. పెద్ద పదవుల్లో ఉన్నవారికే ఒత్తిడి ఎక్కువన్న నమ్మకానికి ఇది సరిగ్గా ఎదురు పోయే ఫలితం.

ఈ సిద్ధాంతాలు కార్యాలయాలను, కర్మాగారాలను చూసి కట్టినవి. వాటిని తెచ్చి, 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలో, ముఖ్యంగా జాతీయ రహదారి వెంట సుమారు 40 కిలోమీటర్ల ఎడంలో ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల చుట్టూ సాగే వృత్తుల పక్కన పెట్టి చూస్తే, కొంతమేర సరిపోతాయి, కొంతమేర చాలవు. ఇక్కడ చాలామందికి ఎదురుగా నిలబడి అదలించే యజమాని లేడు. ధర కట్టేవాడు ఒక ఊళ్లో, సరుకు కొనేవాడు మరో రాష్ట్రంలో, భూమి యజమాని నగరంలో ఉంటారు, వానలు, కాలువ నీళ్లు ఎవరి మాటా వినవు. ఒత్తిడి పెట్టేవాడు కంటికి కనబడని ఇటువంటి పనిలో మనసుకు తగిలే దెబ్బ కూడా లెక్కలోకి రాకుండా పోతుంది.

ఆళ్లగడ్డ శిల్పుల పని దీనికి మొదటి ఉదాహరణ. కృష్ణశిలలో దేవతామూర్తులను చెక్కే ఈ పట్టణపు శిల్పులకు ఇతర రాష్ట్రాల నుంచి, విదేశాల్లోని ఆలయాల నుంచి కూడా పని వస్తుంది. ముఖం పొడవును కొలమానంగా తీసుకుని మూర్తి మొత్తం నిష్పత్తులను నిర్ణయించే తాళమాన పద్ధతి శిల్పికి కంఠస్థం. రాయిని తట్టి వినికిడితోనే లోపల పగులు ఉందో లేదో చెప్పగలగడం అనుభవం మీద వచ్చే విద్య. ఏ భాగాన్ని ముందు తేల్చాలి, ఎక్కడ ఉలిని ఆపాలి అన్న నిర్ణయాలన్నీ శిల్పి చేతిలోనే ఉంటాయి. కారసెక్ మాటల్లో ఇది తాకిడీ, స్వేచ్ఛా రెండూ నిండుగా ఉన్న పని. ఇటువంటి పని చేసేవారిలో తమ విద్య పట్ల గౌరవం, రోజుకొక అర్థం ఉన్నదన్న భావన బలంగా ఉండటం సహజం.

అయితే ఈ పనికే ఒక ప్రత్యేకమైన భయం అంటిపెట్టుకుని ఉంది. అంగభంగమైన మూర్తి పూజకు పనికిరాదన్నది సంప్రదాయం. నెలల తరబడి చెక్కిన విగ్రహానికి చివరి దశలో ముక్కు కొనో, వేలి కొసో చిట్లితే అతికించి సరిపెట్టే వీలు లేదు. రాయి ఖరీదు, కూలి, గడువు మూడూ ఒక్క దెబ్బతో పోతాయి. వడ్రంగి తప్పు కోస్తే మరో చెక్క తీసుకుంటాడు, దర్జీ తప్పు కుడితే విప్పి కుడతాడు, శిల్పికి మాత్రం వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే ముఖం తేల్చే ఘట్టంలో పని నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదికి ప్రతిష్ఠ ముహూర్తం అడ్డు తగులుతుంది. గుడి కమిటీకి ముహూర్తం ముఖ్యం, శిల్పికి రాయి ముఖ్యం, మధ్యలో అడ్వాన్సుగా తీసుకున్న డబ్బు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

అదే పందిరి కింద మరొక రకం పనివారు ఉంటారు. కట్టర్‌తో రాయి కోసేవారు, గ్రైండర్‌తో నునుపు పట్టేవారు, దుమ్ములోనూ రొదలోనూ పొద్దంతా గడిపి దినకూలి తీసుకుని వెళ్లేవారు. వీరికి శిల్పికున్న నిర్ణయాధికారం లేదు, పేరు లేదు, రేపటి పని ఖాయం కాదు. ఒకే రాయి దగ్గర పని చేసే ఇద్దరిలో ఒకరికి ఆ రాయి జీవితార్థం అవుతుంది, మరొకరికి దగ్గు మిగులుతుంది. రాతి ధూళిలోని సిలికా కణాలు ఊపిరితిత్తుల్లో పేరుకుని కలిగించే సిలికోసిస్ అనే వ్యాధికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆయాసం మొదలైన పనివాడు రేపు సుత్తి ఎత్తగలడా అన్న దిగులుతోనే సగం కుంగిపోతాడు. శరీరానికి వచ్చిన వృత్తివ్యాధిని, దాని వెనుక వచ్చే మనోవ్యాధిని రెండు వేర్వేరు ఖాతాల్లో రాయడం వైద్యుల సౌకర్యం కోసమే తప్ప, రోగి అనుభవంలో వాటి మధ్య గీత ఉండదు.

ఆళ్లగడ్డ, రుద్రవరం, శిరివెళ్ల, గోస్పాడు ప్రాంతాల్లో, నంద్యాల చుట్టుపక్కల సాగే విత్తన పత్తి వ్యవసాయం మరో తీరుది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఏర్పడిన నాటి నుంచీ పత్తి ఈ నేలకు చుట్టమే గానీ, సంకర విత్తనం పండించడం మామూలు పత్తి సాగు కాదు. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే ఆడవరస మొగ్గలను ఒక్కొక్కటిగా వెతికి, వేలి గోటితో ఆకర్షణ పత్రాలను, కేసరాలను ఒలిచి, గుర్తుకోసం ఎర్ర కాగితపు తొడుగు పెట్టాలి. మరునాటి ఉదయం ఎండ ముదరకముందే మగవరస పూలు కోసుకొచ్చి, ఒలిచిన ప్రతి పువ్వు కీలాగ్రానికి పుప్పొడి రాయాలి. దీన్నే రైతులు, కూలీలు క్రాసింగ్ అంటారు. పువ్వు ఎవరికోసమూ ఆగదు కనుక, రెండు మూడు నెలలు పండగ లేదు, జ్వరం లేదు, ఆదివారం లేదు. ఒక్క పూట తప్పినా చేను నిండా దానంతట అదే ఫలదీకరణ చెందిన కాయలు మిగిలి విత్తన స్వచ్ఛత దెబ్బతింటుంది, కాబట్టి తప్పిపోయిన పువ్వులను వెతికి గిల్లేయడం మరో పని.

ఇంత నలిగిన తరువాత కూడా రైతుకు డబ్బు చేతికి రాదు. విత్తనాన్ని కంపెనీ తరఫు మధ్యవర్తి, అంటే ఊళ్లలో ఆర్గనైజర్ అని పిలిచే వ్యక్తి తీసుకెళ్తాడు. ఆ విత్తనాన్ని మళ్లీ నాటి, మొలిచిన మొక్కల్లో ఎన్ని అసలు రకానివో లెక్కించే జన్యు స్వచ్ఛత పరీక్ష ముగిశాకే లెక్క తేలుతుంది. పరీక్షలో విత్తనం తప్పితే, తప్పు ఎక్కడ జరిగిందో రైతుకు తెలిసే మార్గం లేదు. తెలిసినా వాదించే వేదిక లేదు. సామాజిక శాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించిన శ్రమ-ప్రతిఫల అసమతుల్యత అనే భావన ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: పెట్టిన శ్రమకు తగిన డబ్బు, గౌరవం, భద్రత అనే మూడింటిలో ఏదీ సరిపాళ్లలో రానప్పుడు మనసు ఎప్పుడూ అప్రమత్తంగా ఉండి క్రమంగా కుంగిపోతుందని ఆయన సిద్ధాంతం. సీగ్రిస్ట్ లెక్కలో లేనిది ఒకటి నంద్యాల చేలల్లో ఉంది. ప్రతిఫలం తక్కువ కావడం ఒక బాధ అయితే, అది వస్తుందో రాదో నెలల తరబడి తెలియకపోవడం దానికంటే పెద్ద బాధ. కూలి తక్కువైనవాడు తిట్టుకుంటాడు, పడుకుంటాడు. తీర్పు కోసం ఎదురుచూసేవాడికి నిద్ర పట్టదు.

ఈ పొలాల్లో చాలాకాలం క్రాసింగ్ చేసింది ప్రధానంగా ఆడపిల్లలు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన పత్తి చేలల్లో బాలికల శ్రమ గురించి 2000ల తొలి ఏళ్లలో దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాల వల్ల ఈ విషయం దేశవిదేశాల్లో చర్చకు వచ్చింది. ముందుగా తల్లిదండ్రులకు అప్పు ఇచ్చి పిల్లను సీజన్ మొత్తానికి కట్టిపెట్టే పద్ధతిలో, పనికి వెళ్లాలా వద్దా అన్న మొదటి నిర్ణయమే ఆ పిల్లది కాదు. 2016 సవరణ తరువాత 14 ఏళ్లలోపు పిల్లలను, సొంత కుటుంబం పనిలో బడి వేళలు కాని సమయాల్లో చేసే సాయం మినహా, ఏ పనిలోనూ పెట్టరాదని చట్టం చెబుతోంది. ఆ మినహాయింపే చేలగట్ల మీద చాలాదూరం సాగుతుందని వేరే చెప్పనవసరం లేదు.

కౌలు రైతు పరిస్థితి ఇంకో మెట్టు కింద ఉంటుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ, తెలుగుగంగ కాలువ కింద వరి పండించేవారిలో, నల్లరేగడిలో శనగ వేసేవారిలో కౌలుదారులు చాలామంది. ముందస్తుగా కౌలు చెల్లించి, పెట్టుబడికి మళ్లీ అప్పు తెచ్చి, పంట పోతే రెండు బాకీలకూ ఒకేసారి జవాబు చెప్పవలసినవాడు కౌలుదారు. 2011 నాటి చట్టం ద్వారా రుణ అర్హత కార్డులు, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ద్వారా 11 నెలల చెల్లుబాటుతో కార్డులు వచ్చాయి. అయితే 2019 చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. కాగితం మీద పేరు ఎక్కితే భూమి చేజారుతుందన్న అనుమానంతో చాలామంది యజమానులు వెనకాడతారు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, బీమా చేరడం కష్టం, చివరికి నష్టం జరిగినా ఆ నష్టం తనదని రుజువు చేసుకోవడం మరీ కష్టం. సాగు చేసేది తానే అయినా ప్రభుత్వం దృష్టిలో తాను రైతు కాకపోవడం అన్నది ఆర్థిక సమస్యగానే లెక్కకు వస్తోంది, దాన్ని అవమానంగా ఎవరూ నమోదు చేయరు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకోగా, వారిలో 42,004 మంది దినకూలీలు, 23,178 మంది గృహిణులు, 10,881 మంది వ్యవసాయ రంగానికి చెందినవారు. ఈ చివరి సంఖ్యలో సొంత, కౌలు రైతులకంటే వ్యవసాయ కూలీలే కొద్దిగా ఎక్కువ. ఆత్మహత్యకు ఒకే కారణం ఎప్పుడూ ఉండదు, వృత్తిని మాత్రమే కారణంగా చూపడం శాస్త్రీయమూ కాదు. అయినా పత్రికల్లో వ్యవసాయ రంగపు ఆత్మహత్యల గురించి ఉన్న పట్టింపు, వాటికంటే దాదాపు నాలుగు రెట్లు ఉన్న దినకూలీల మరణాల గురించి లేకపోవడం ఆలోచించదగ్గది. గృహిణులన్న వర్గంలో చేరినవారిలో పొలం పనికీ, ఇంటి పనికీ మధ్య తీరిక లేని పల్లెటూరి స్త్రీలు ఎందరో తేల్చే ఏర్పాటు ఆ పట్టికలో లేదు.

చేతిలో నెల జీతం ఉన్న ఉద్యోగాలు ఈ బాధల నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. ఆర్టీసీ డ్రైవర్ పనిని పరిశీలిస్తే, 2020 జనవరి 1 నుంచి సంస్థ సిబ్బంది ప్రభుత్వోద్యోగులు కావడంతో భద్రత పెరిగింది గానీ, స్టీరింగ్ ముందు కూర్చున్నాక నిర్ణయ స్వేచ్ఛ ఏమీ పెరగలేదు. బయలుదేరే వేళ, చేరే వేళ, లీటరుకు రావలసిన కిలోమీటర్లు అన్నీ ముందే రాసి ఉంటాయి. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ మలుపుల్లో లారీ అడ్డం నిలిచిపోతే ఆలస్యానికి సంజాయిషీ డ్రైవరే చెప్పాలి. వేగంగా పోతే ప్రమాదం, నెమ్మదిగా పోతే ఆలస్యం, రెండింటికీ దోషం ఒక్కరిదే. 1953లో జెర్రీ మోరిస్ లండన్ బస్సుల్లో, ఎప్పుడూ కూర్చుని ఉండే డ్రైవర్లకు, మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే గుండెజబ్బులు ఎక్కువని చూపాడు. ఆయన దాన్ని వ్యాయామ లోపంగా వివరించినా, డ్రైవర్ పనిలోని మానసిక ఒత్తిడిని కూడా లెక్కలోకి తీసుకోవాలని తరువాతి పరిశోధకులు వాదించారు. కండక్టర్ మాట వేరు: చిల్లర గొడవ, కిక్కిరిసిన బస్సు, ఎవరు తిట్టినా నవ్వు చెదరనివ్వని ముఖం. లోపలి భావాన్ని అణచి బయటికి మరో భావం చూపడమే ఉద్యోగంలో భాగమైనప్పుడు దాన్ని ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో భావోద్వేగ శ్రమ అన్నారు. ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి నర్సులు, ప్రైవేటు బడి ఉపాధ్యాయులు కూడా ఈ శ్రమ చేసేవారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్ అని నమోదు చేసిన స్థితి, అంటే తీవ్రమైన అలసట, పని పట్ల విరక్తి, తన చేతనైనదేమీ లేదన్న భావన కలిసిన స్థితి, వీరిలో తేలికగా చోటు చేసుకుంటుంది. ఆ సంస్థ దాన్ని జబ్బుగా కాక వృత్తికి సంబంధించిన పరిణామంగా వర్గీకరించిందన్నది గమనించదగ్గది, ఎందుకంటే తప్పు ఎక్కడ వెతకాలో ఆ వర్గీకరణే చెబుతోంది.

నంద్యాలకు మరో ప్రత్యేకత ఉంది. బ్యాంకు పరీక్షల శిక్షణకు ఈ పట్టణం రాష్ట్రమంతటా పేరు పొందింది. డిగ్రీ ముగించి, అద్దె గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉంటూ, కట్ ఆఫ్ మార్కుల లెక్కల నడుమ ఏళ్లు గడిపే యువతీయువకులకు అధికారికంగా వృత్తి లేదు. అయితే పని లేకపోవడం కూడా ఒక పని షరతే. ఆస్ట్రియాలో వియన్నాకు సమీపంలోని మారియెంతాల్ అనే గ్రామంలో మిల్లు మూతపడ్డాక, 1930ల మొదట్లో మారీ యాహోడా, ఆమె సహచరులు అక్కడ చేసిన అధ్యయనంలో, తీరిక దొరికిన మనుషులు ఎక్కువ చదవడానికి బదులు తక్కువ చదివారని, గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు తగ్గాయని, మగవారి నడక కూడా మందగించిందని తేలింది. పని డబ్బుతో పాటు రోజుకు ఒక క్రమాన్ని, నలుగురితో సంబంధాన్ని, సమాజంలో ఒక స్థానాన్ని ఇస్తుందని యాహోడా తరువాత వివరించారు. నంద్యాల శిక్షణ కేంద్రాలు మొదటి రెండింటినీ ఇస్తున్నాయి, తెల్లవారుజాము తరగతి నుంచి రాత్రి మాక్ టెస్టు వరకు, మూడవదాన్ని ఇవ్వలేవు. ఊరికి వెళ్తే ఎదురయ్యే ఒకే ఒక ప్రశ్నకు భయపడి పండగకు కూడా గదిలోనే ఉండిపోయేవారికి చదువు భారంగా ఉండదు, తిరిగి వెళ్లడమే భారం.

చట్టం ఈ విషయంలో చాలా వెనుక ఉంది. 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం మూడవ షెడ్యూలులో తప్పక తెలియజేయవలసిన వృత్తివ్యాధులలో సిలికోసిస్ ఉండేది, రొద వల్ల కలిగే చెవుడు ఉండేది, మానసిక వ్యాధి ఒక్కటీ ఉండేది కాదు. పైగా ఆ చట్టం ప్రకారం, విద్యుత్తు వాడే చోట కనీసం 10 మంది పనివారు ఉంటేనే కర్మాగారం అయ్యేది. ఆళ్లగడ్డలో ఐదారుగురితో సాగే చెక్కుడు పందిరి ఆ నిర్వచనంలోకే రాలేదు. జపాన్‌లో పని ఒత్తిడి వల్ల కలిగిన మనోవ్యాధిని వృత్తి సంబంధిత నష్టంగా గుర్తించే మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి, 2015 నుంచి 50 మంది లేదా అంతకు మించి పనివారున్న చోట ఏటా ఒత్తిడి పరీక్ష తప్పనిసరి అయింది. ఆ 50 అన్న అంకెను నంద్యాల జిల్లాకు తెచ్చి పెడితే, కొన్ని సిమెంటు కర్మాగారాలు, పెద్ద సంస్థలు మినహా దాదాపు శ్రమలోకమంతా బయటే నిలబడుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కు చేసింది, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించాలని చెప్పింది. ఇవి గొప్ప మార్పులే. అయితే ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీసే బాధ్యతను ఎవరికీ అప్పగించలేదు.

మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. అందువల్ల ఈ ప్రాంతపు మనోవ్యాధుల తీరు గురించి చెప్పేవన్నీ పక్క రాష్ట్రాల లెక్కల నీడలోనే చెప్పవలసి వస్తుంది. పల్లెల్లో దిగులు వ్యాధి దిగులు పేరుతో వైద్యుని దగ్గరకు రాదు; గుండె దడ, తల బరువు, ఒళ్లు నొప్పులు, నీరసం అన్న పేర్లతో వస్తుంది, ఒక సెలైన్ సీసా, ఒక బలం సూది తీసుకుని ఇంటికి పోతుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులో మాట్లాడి సలహా పొందే వీలు ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు, వారిని చూసి కలవరపడుతున్న ఇంటివారు కూడా ఈ సేవను వాడుకోవచ్చు. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడంతో జిల్లాలో వైద్య నిపుణుల సంఖ్య పెరిగే అవకాశమూ ఏర్పడింది.

మందులు, సలహాలు అవసరమే. వాటి విలువను తగ్గించి చూడటం ప్రమాదకరం. అయితే మనోధైర్యం పెంచుకోమని, యోగా చేయమని, సానుకూలంగా ఆలోచించమని దినకూలికి, కౌలుదారుకు చెప్పే శిక్షణ కార్యక్రమాలు, అప్పు పత్రం మీది వడ్డీ రేటును గానీ, ఆర్గనైజర్ లెక్క తేల్చే తేదీని గానీ ముట్టుకోవు. వృత్తివ్యాధుల శాస్త్రానికి ఆద్యుడైన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ, రాళ్లు చెక్కేవారితో సహా అనేక వృత్తుల జబ్బులను 1700లో గ్రంథస్థం చేస్తూ, రోగిని అడగవలసిన పాత ప్రశ్నలకు తోడుగా అతడు ఏ పని చేస్తాడో కూడా వైద్యుడు అడగాలని కోరాడు. ఆ ప్రశ్న నేటి వైద్య విద్యలో భాగమైంది. నంద్యాల ఆసుపత్రికి నిద్ర పట్టడం లేదని వచ్చే వ్యక్తి విషయంలో అది సగం ప్రశ్న మాత్రమే; ఆ పనికి ధర కట్టేది ఎవరు, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది, రాకపోతే వెళ్లి అడగడానికి ఎవరైనా ఉన్నారా అన్న మూడు మాటలు దానికి చేర్చి అడిగితే, చీటీ మీద రాయవలసిన మందుతో పాటు, కార్మిక శాఖకో, వ్యవసాయ శాఖకో రాయవలసిన ఉత్తరం కూడా ఏదో వైద్యునికి తెలిసివస్తుంది.